ఓడ మునగకముందే కేకు

1944 నవంబర్ 2, గురువారం

జలాంతర్గామిలో డైరీ రాయకూడదు. శత్రువు చేతిలో పడితే రహస్యాలు బయటపడతాయని నౌకాదళం వారి భయం. అందుకే రొట్టెల కొలతల పుస్తకంలో వెనక పేజీ నుంచి మొదలుపెట్టాను. మా హాగ్‌చోకర్ రహస్యాలు తెలిస్తే శత్రువు నవ్వలేక చస్తాడు తప్ప ఇంకేం చెయ్యలేడు. అసలు బోటుకి ఆ పేరు పెట్టినవాడెవడో. మంచి మంచి చేపల పేర్లన్నీ ముందొచ్చిన బోట్లకి పంచేసి, పందుల గొంతులో ఇరుక్కునే అరచేతంత చేప పేరు మాకు మిగిల్చారు.

ఇవాళ పరీక్ష రెండోసారి తప్పాను. నాకేం బాధ లేదు.

బాధ లేదు గానీ అన్యాయాన్ని అన్యాయమని రాసిపెట్టాలి కదా. ఈ బోటులో ఎనభై మందిమి. టార్పెడోలు కాల్చేవాడైనా, నాలా రొట్టెలు కాల్చేవాడైనా, ప్రతి గదిలో ప్రతి వాల్వూ తిప్పి చూపించాలి. అప్పుడే చొక్కా కుడి ముంజేతి మీద, జలాంతర్గామి మనిషినని చెప్పే రెండు డాల్ఫిన్ల గుర్తు కుట్టుకోనిస్తారు. లేదంటే రేవు చేరగానే దింపేసి, ఒడ్డున కూర్చుని రొట్టెలు చేసుకో నాయనా అంటారు. బేకరుకి వాల్వులెందుకని చీఫ్ బ్రానిగన్‌ని అడిగాను. బోటు సిబ్బందికంతా ఆయనే పెద్ద, పరీక్ష పెట్టేదీ ఆయనే.

“బోటు మునిగితే నీ రొట్టెలు పట్టుకుని తేలమంటావా మమ్మల్ని?” అన్నాడు.

అంతా బాగానే జరిగింది, మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేదాకా. నీళ్ళ అడుగున ఉన్నప్పుడు దాన్ని ఖాళీ చెయ్యాలంటే బోలెడు వాల్వులు వరస తప్పకుండా తిప్పాలి. నేను మూడోదానికి ముందు నాలుగోది తిప్పాను. గాలి ఒత్తిడికి లోపలిదంతా పైకి లేచింది. చీఫ్ అప్పుడే వంగి చూస్తున్నాడు.

ఇంతకన్నా రాయను. ఇది వంటల పుస్తకం.

నవంబర్ 3

చీఫ్ ఇవాళ కూడా స్నానం చేశాడు. తాగడానికే నీళ్ళు కొలిచి ఇచ్చే బోటులో వరసగా రెండు రోజులు స్నానం చేసిన మొదటి మనిషి ఆయనే. ఒక విధంగా నా వల్లే.

నవంబర్ 4

పైనుంచి వార్త వచ్చింది. జపాన్ వాళ్ళ విమాన నౌక ఒకటి బుధవారం మా దారిన పోతుందట. విమాన నౌక. ఇంతవరకూ మేం ముంచినవి రెండు సరుకు పడవలు, ఒక తెరచాప పడవ. ఆ మూడోదాన్ని ముంచామని చెప్పుకోవడానికి కెప్టెన్‌కే మొహమాటం.

కెప్టెన్ విట్‌కోమ్ నన్ను తన గదికి పిలిపించాడు. ఆయన మంచివాడు, తీపి అంటే ప్రాణం పెడతాడు. ఓడ మునిగిన ప్రతిసారీ కేకు చెయ్యాలని, దాని మీద ఆ ఓడ ఆకారం చాక్లెట్‌తో వెయ్యాలని ఈ బోటులో ఆనవాయితీ పెట్టిందే ఆయన. ఆకారం కూడా ఆయనే చెప్తాడు. దాడి జరిగేటప్పుడు నేను చెవులకి ఫోను తగిలించుకుని వంటింట్లో ఉంటాను. పెరిస్కోపులోంచి చూస్తూ ఆయన, పొగగొట్టం ఎక్కడ, స్తంభాలెన్ని, అన్నీ పైనుంచి చెప్తూంటే నేను రాసుకుంటాను. తెరచాప పడవకి మూడు గీతలు సరిపోయాయి.

“ప్రొహాస్కా, ఈసారి కేకు ముందే చేసి ఉంచు. దాడి మొదలైతే చప్పుడు చెయ్యకూడదు, ఓవెన్ ఆపేస్తాం. ఆ తర్వాత వాళ్ళ కాపలా ఓడలు ఎన్ని గంటలు తరుముతాయో. విమాన నౌకని ముంచి ఎండు బిస్కెట్ తినమంటావా నన్ను?”

“మరి ఆకారం సర్?”

“అది నేను చెప్పినప్పుడు వెయ్యి. కేకు సిద్ధంగా ఉండాలి, అంతే.” గొంతు తగ్గించాడు. “నీ పరీక్ష సంగతి చీఫ్ చెప్పాడు. చెప్పేముందు సబ్బుతో మొహం కడుక్కొచ్చాడనుకో. చూడు, ఓడ మునిగి కేకు బాగుంటే, నీ సంగతి నేను చూసుకుంటాను.”

చీఫ్ ఎన్ని స్నానాలు చేస్తే నాకేం. విమాన నౌక మునిగితే చాలు, నేను ఈ బోటు మనిషినే.

నవంబర్ 5, ఆదివారం

వంటపెద్ద గస్ లిండ్‌క్విస్ట్‌కి కేకు సంగతి చెప్పాను. గస్ మిన్నెసోటా వాడు, పాత నావికుడు. ఈలవేస్తే ఊరుకోడు, ఉప్పు ఒలికితే ఊరుకోడు.

“మునగకముందు కేకా? ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఉయ్యాల కడతావా? ఒరే లెస్టర్, రాసిపెట్టుకో. ముందు కేకు చేస్తే ఆ ఓడ మునగదు గాక మునగదు.”

“కెప్టెన్ చెయ్యమన్నాడు.”

“కెప్టెన్ చదువుకున్నవాడు. ఆయనకేం తెలుసు?”

రాసిపెట్టాను.

నవంబర్ 6

ఓడల గుర్తుల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. సముద్రం మీద తిరిగే ప్రతి ఓడ నీడబొమ్మా అందులో ఉంటుంది. శత్రువులవి ముందు, మనవి వెనక. పొద్దున్నుంచీ బేకింగ్ రేకు మీద విమాన నౌకలు వేసి, నాకేసి, మళ్ళీ వేస్తున్నాను. చాక్లెట్ వృథా కాకూడదు కదా. సాయంత్రానికి కడుపునొప్పి.

జపాన్ వాళ్ళ చిన్న విమాన నౌకలు భలే తేలిక. పైన ఏమీ ఉండదు, ఇస్త్రీబల్లలా చదును. ఒక్క గీత, అయిపోయింది. పెద్దవాటికే పక్కన గది, వంగిన పొగగొట్టం, చాక్లెట్ దండగ. మనవాళ్ళయితే చిన్నవాటికి కూడా పైన గది కట్టారు. దాని మీద స్తంభం, స్తంభం మీద తీగలు. ఐసింగ్ సంచికి చిన్న మొన తగిలించి వెయ్యాలి. అమెరికా ప్రభుత్వానికి ఐసింగ్ వేసేవాడి కష్టం ఎప్పుడు తెలిసింది గనక.

దేవుడా, వచ్చేది చిన్నదైతే బాగుండు.

నవంబర్ 7

వరసగా ఐదోరోజు మబ్బు. చుక్క కనపడక, మేం ఎక్కడున్నామో లెక్కగట్టే ఆఫీసరు జుట్టు పీక్కుంటున్నాడు. మనం ఎక్కడున్నాం అని చీఫ్‌ని అడిగితే, “పసిఫిక్‌లో” అన్నాడు.

కేకు ఓవెన్‌లో పెట్టాను. గస్ టోపీ పెట్టుకుని వంటింట్లోంచి వెళ్ళిపోయాడు. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు కాబట్టి పక్కన భోజనాల బల్ల దగ్గర నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

గుడ్ల పొడితో చేసినా కేకు పొంగింది. ఇంత అందమైన కేకు నేను పెన్సిల్వేనియాలో మా నాన్న కొట్లో కూడా చెయ్యలేదు. డాల్ఫిన్ల గుర్తు కుట్టుకోవడానికి తెల్లదారం పక్కన పెట్టుకున్నాను. ఆశపడి కాదు, దారం ఎప్పుడైనా పనికొస్తుంది.

నవంబర్ 8, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను, వరసగా.

పొద్దున పది దాటాక గంట మోగింది. ఓవెన్, ఫ్యాన్లు అన్నీ ఆపేశారు. నేను ఫోను తగిలించుకుని కేకు ముందు నిలబడ్డాను, చాక్లెట్ సంచి చేతిలో. కాసేపటికి కెప్టెన్ గొంతు వినపడింది. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

“వచ్చింది. విమాన నౌకే. వంటిల్లూ, రాసుకో.”

“చెప్పండి సర్.”

“చదును బల్ల. పొట్టిదే, చిన్న రకం.”

నా మొర దేవుడు విన్నాడనుకున్నాను. సర్రున ఒక గీత గీశాను.

“కుడివైపు ముందర చిన్న గది.”

చెయ్యి దానంతటదే గది వేసింది. వేశాక ఆగింది.

“గది మీద స్తంభం. స్తంభానికి తీగలు, ఏదో పెద్ద పళ్ళెం లాంటిది. వేశావా?”

వేశాను. చిన్న మొన తీసి వేశాను. వేసిన బొమ్మకేసి చూశాను. నిన్నా మొన్నా నలభైసార్లు వేసి నలభైసార్లు నాకిన బొమ్మల్లో ఇది లేదు. పుస్తకం వెనక భాగంలో, తిట్టుకుంటూ చూసిన పేజీలో ఉంది.

ఇది నా ఒక్కడి పుస్తకం కాబట్టి నిజం రాస్తాను. నేను వెంటనే నోరు తెరవలేదు. కొత్తగా గది కట్టించుకుని ఉంటారు అనుకున్నాను. జపాన్ వాళ్ళకి మాత్రం చాక్లెట్ ఉండదా అనుకున్నాను. నా ముంజెయ్యి చూసుకున్నాను. అది మునిగితేనే నేను ఈ బోటులో ఉంటాను, మునక్కపోతే ఒడ్డు. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు, సంచి మొన నుంచి ఒక పెద్ద చుక్క మాత్రం కేకు మీద పడింది.

“సర్, ఆ గది ఉండకూడదు,” అన్నాను.

“ఏమిటి?”

“శత్రువుల చిన్నవాటికి పైన గది ఉండదు సర్. చదునుగా ఉంటాయి. చిన్నదై గది కూడా ఉందంటే అది మనది.”

ఫోను లైన్లో బోటంతా వింటోంది. ముందుగదిలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

“ప్రొహాస్కా, నువ్వు ఐసింగ్ సంగతి చూసుకో. ఇక్కడ మనవాళ్ళెవరూ ఉండరు. మనం ఎక్కడున్నామో నాకు తెలుసు.”

“చీఫ్‌కి తెలియదట సర్.”

“కాల్చడానికి నాలుగు నిమిషాలు,” అంది ఇంకో గొంతు.

ఇక నాకు మాటలు చాలలేదు. మాటకారిని నేనెప్పుడూ కాను. ఫోను తీసి పడేసి, కేకు రేకు రెండు చేతులా ఎత్తుకుని పరిగెత్తాను. గస్ బల్ల దగ్గర్నుంచి లేచి, “ఒరే, ఇంకా మునగలేదురా, ఎక్కడికిరా?” అంటూ వెంటపడ్డాడు. కంట్రోలు గది మధ్యలో నిచ్చెన ఉంది. అది ఎక్కితే పెరిస్కోపు గది. నిచ్చెన మొదట్లో చీఫ్ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. అలవాటైపోయింది పాపం. ఆ సందులోంచి ఒక చేత్తో కేకు, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఎక్కి, పైన రంధ్రంలోంచి కేకు ముందు, తల తర్వాత పెట్టాను.

“సర్, మీరు చెప్పింది చెప్పినట్టు వేశాను. ఇదేనా కాదా చూడండి.”

కెప్టెన్ తిట్టడానికి నోరు తెరిచాడు. కేకు కనపడింది. పెరిస్కోపులోకి చూశాడు. కేకుకేసి చూశాడు. మళ్ళీ పెరిస్కోపులోకి.

“అచ్చం ఇదే,” అన్నాడు మెల్లగా.

“అయితే పుస్తకం వెనక పేజీలు తియ్యమనండి సర్. చిన్నవాటి పేజీ. మూలన నా వేలి గుర్తు ఉంటుంది, చాక్లెట్.”

పక్కనున్న ఆఫీసరు పుస్తకం తిరగేశాడు. చాక్లెట్ మరక దొరికింది. పేజీ తెచ్చి కేకు పక్కన పెట్టాడు. గది, స్తంభం, తీగలు. అక్కడున్నవాళ్ళలో ఐదుగురు వంగి కేకునే చూస్తున్నారు. “రెండు నిమిషాలు,” అన్నాడు గడియారం పట్టుకున్నవాడు, అతను ఇంకా తల తిప్పలేదు.

“ఆపండి,” అన్నాడు కెప్టెన్. “అన్నీ ఆపండి. టార్పెడో తలుపులు ముయ్యండి. ఎవరూ ఏదీ ముట్టుకోకండి.” కళ్ళు మూసుకుని రెండు చేతులూ పెరిస్కోపు మీద ఆన్చి నిలబడ్డాడు. ఆయన మొహం మైదాపిండి రంగులో ఉంది.

మేం మనవాళ్ళమే అని చెప్పడానికి పైకి రంగు పొగ వదిలాం. పొగ పైకి చేరేలోపే మన నౌక తాలూకు విమానం మా పెరిస్కోపు చూసి బాంబు వేసింది. బోటు ఒక్క ఊపు ఊగింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. రెండు చేతులతోనూ.

కేకు రంధ్రంలోంచి కిందికి పోయింది. చీఫ్ తల పైకెత్తి చూస్తున్నాడు.

నవంబర్ 9

ఎవరూ నాతో మాట్లాడటం లేదు. కెప్టెన్ గదిలోంచి రాలేదు. తీపి వద్దని కబురు పంపాడు. నిన్నటి సంగతి లాగ్‌బుక్కులో ఒక్క ముక్క లేదట, ఎవరూ ఎక్కడా ఎత్తకూడదట. అంతే మరి, ఆయన విమాన నౌకని నోటికాడ కూడులా లాగేసింది నేనే కదా.

గస్ ఒక్కడే హుషారుగా ఉన్నాడు. “చెప్పానా లేదా? ముందు కేకు చేస్తే మునగదని. చూశావా, ఎంతమందిని బతికించిందో నా మాట?” అంటూ గదిగదికీ వెళ్ళి చెప్పుకుంటున్నాడు. కేకు చేసింది నేను, పేరు గస్‌కి.

నవంబర్ 10

చీఫ్ మూడోసారి పరీక్ష పెట్టాడు. మరుగుదొడ్డి దగ్గర తను బయట నిలబడి తలుపు వేసుకున్నాడు. అది నెగ్గాను. వెనక టార్పెడో గదిలో మూడు వాల్వులు తప్పాను. చీఫ్ ఏదో రాసుకున్నాడు. “ఏమైంది చీఫ్?” అంటే, “చెవి వెనక ఇంకా చాక్లెట్ ఉందా చూడు,” అన్నాడు. ఉంది. లేదని చెప్పాను.

నవంబర్ 11

కెప్టెన్ గుమాస్తా వచ్చి నా పేరు స్పెల్లింగు సరిగ్గా రాసి ఇమ్మన్నాడు. ఎందుకంటే చెప్పలేదు. ఎందుకో తెలియకపోవడానికి నేనేమన్నా చంటివాణ్ణా? బదిలీ కాగితం. రేపు ఉలితి దీవుల్లో మన రేవు చేరతాం.

సంచి సర్దుకున్నాను. ఒడ్డు మీద ఓవెన్లు పెద్దవి. గాలి వస్తుంది. మరుగుదొడ్డికి ఒకటే గొలుసు. నాకేం బాధ లేదు.

ఉల్లిపాయలు కోస్తున్నప్పుడు గస్ నా కళ్ళు చూశాడు. ఉల్లిపాయలే.

బాధగా ఉంది. ఈ దరిద్రపు ఇనప డబ్బా వదిలి ఎక్కడికి పోను? పక్క మీద పడుకుంటే పైవాడి చెమట నా మొహాన కారుతుంది, అయినా నాకు ఇంకెక్కడా నిద్ర పట్టదు.

నవంబర్ 12, ఆదివారం, ఉలితి

మధ్యాహ్నం రేవులో లంగరు వేశాం. ఎదురుగా ఎవరున్నారనుకున్నావు? పొట్టి విమాన నౌక. కుడివైపు ముందర గది, దాని మీద స్తంభం, తీగలు. పేరు టిల్లికమ్ బే. మావాళ్ళందరూ డెక్కు మీద నిలబడి దానికేసి చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నారు.

అక్కడి నుంచి ఒక మరపడవ మా పక్కకి వచ్చింది. మచ్చల మొహం, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, పైలట్ ఒకడు పెద్ద ఐస్‌క్రీం డబ్బా మోసుకుంటూ ఎక్కాడు. కెప్టెన్‌కి సెల్యూట్ చేసి అలాగే నిలబడిపోయాడు.

“లెఫ్టినెంట్ ఫెన్‌విక్ సర్. బుధవారం మీ మీద బాంబు వేసింది నేనే.”

మావాళ్ళందరూ ఒక్కసారి కెప్టెన్‌కేసి చూశారు.

“క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు సర్. మీరు పొగ వదిలాక గానీ తెలియలేదు. మా ఓడలో ఎనిమిది వందల అరవై మందిమి. అందరూ నన్ను కుక్కని తిట్టినట్టు తిడుతున్నారు. మమ్మల్ని కాపాడుతూ తిరిగేవాళ్ళ మీదే బాంబు వేశావేంట్రా అని.”

కెప్టెన్ మెడ దగ్గర్నుంచి ఎర్రబడటం మొదలుపెట్టాడు. “అబ్బే, దానిదేముంది,” అన్నాడు. “ఎవరికైనా... ఎవరికైనా జరిగేదే.”

“లేదు సర్. మనవాడో పరాయివాడో చూసుకోకుండా దూకేవాడు మనిషేనా సర్? మీరైతే ఇలాంటి పని చేస్తారా?”

చీఫ్‌కి దగ్గు వచ్చింది. ఎంతకీ ఆగదు. గస్ వెళ్ళి వీపు మీద తట్టాడు.

“పైకి రాస్తారా సర్?” అని అడిగాడు పైలట్. “నా మీద రిపోర్టు.”

“రాయం,” అన్నాడు కెప్టెన్. ఇంత గట్టిగా ఆయన ఏ ఆజ్ఞా ఇచ్చి ఉండడు. “రిపోర్టు అన్న మాటే ఎత్తకు. అసలు బుధవారం ఏమీ జరగలేదు.”

పైలట్ కళ్ళు తుడుచుకున్నాడు. “మీరు దేవుళ్ళు సర్,” అన్నాడు. ఎనభై మంది దేవుళ్ళం బూట్లకేసి చూసుకున్నాం.

ఐస్‌క్రీం కరిగిపోతుందని నేను గరిటె తెచ్చాను. కెప్టెన్ గరిటె పట్టిన చెయ్యే పట్టుకుని ఆపాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. నా పేరు, స్పెల్లింగు సరిగ్గా ఉంది. బదిలీ కాగితం అందరి ముందూ చదువుతాడనుకున్నాను. కాగితం విప్పితే అందులో చిన్న గుడ్డముక్క. దాని మీద రెండు డాల్ఫిన్లు.

“చీఫ్ సంతకం కూడా ఉంది,” అన్నాడు కెప్టెన్.

“వాల్వులు మూడు తప్పాడు,” అన్నాడు చీఫ్, దగ్గు మధ్యలోంచి. “సోమవారం అవి మళ్ళీ చూపిస్తాడు. ఆ తర్వాత సోమవారం కూడా చూపిస్తాడు. బతికున్నంతకాలం చూపిస్తాడు, ఈ బోటులోనే.”

చేతి వెనకతో కళ్ళు ఒత్తుకున్నాను. ఉల్లిపాయలు కూడా లేవు దగ్గర్లో.

“ఏం చేశాడు సర్ ఇతను?” పైలట్ ఉత్సాహంగా అడిగాడు.

కెప్టెన్ నాకేసి చూశాడు. నేను కెప్టెన్‌కేసి చూశాను. “కేకు చేశాడు,” అన్నాడాయన.

“కేకు చేస్తే డాల్ఫిన్లు ఇస్తారా మీ దగ్గర?” పైలట్ పడీ పడీ నవ్వాడు. “మా ఓడలో చెప్తే నమ్మరు సర్. ఎనిమిది వందల అరవై మందీ నవ్వుతారు.”

“నవ్వనీ,” అన్నాడు కెప్టెన్. “అందర్నీ నవ్వనీ.”

అసలు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేశాను. వరసలో మొదట నిలబడిన గస్‌ని పక్కకి తోసి, పైలట్ గిన్నెలో పెద్ద గరిటెడు వేశాను. అతను చాలన్నాడు. ఇంకో గరిటె వేశాను.